ముద్దగట్టు మీద ముద్దచేతి అమ్మవారు

నల్లమల తూర్పు అంచున, కొండలు తగ్గుముఖం పట్టి ఎర్రనేలలో కలిసిపోయే చోట ఎర్రచెలిమ అనే ఊరు ఉంది. ఊరికి పడమటగా వాగు దాటితే ముద్దగట్టు కనిపిస్తుంది. గట్టు మరీ పెద్దది కాదు. నెలలు నిండిన మనిషి కూడా మధ్యమధ్య కూర్చుంటూ ఎక్కగలిగేటట్లు మెట్లు పొట్టిగా, వెడల్పుగా కట్టారు. పక్కన అక్కడక్కడ నడుము ఆనించుకోవడానికి రాతి అరుగులు ఉన్నాయి. పైన వెలగచెట్ల మధ్య చిన్న గుడి. గాలిగోపురం లేదు, బంగారు కలశం లేదు. గర్భాలయంలో అమ్మవారు పీట వేసుకున్నట్లు కూర్చుని ఉంటుంది. ఎడమచెయ్యి నిండుకడుపు మీద ఉంటుంది. కుడిచెయ్యి నోటి దాకా ఎత్తి ఉంటుంది. ఆ చేతిలో అన్నం ముద్ద.

త్రిశూలాన్నో, తామరపువ్వునో చూడడానికి అలవాటుపడ్డ కళ్ళకు ఈ మూర్తి వింతగా తోస్తుంది. అర్చకులు సంకల్పంలో శ్రీ కబళహస్తాంబ అని పలుకుతారు గాని చుట్టుపక్కల పల్లెల జనం ముద్దచేతమ్మ అనే పిలుచుకుంటారు. ఆ తల్లి చేతిలోకి ముద్ద ఎలా వచ్చింది, మొండిగట్టు అనే పేరున్న కొండ ముద్దగట్టు ఎలా అయింది అని అడగని యాత్రికులు ఉండరు. పెద్దల నోట విన్న ఆ వృత్తాంతమే ఇది.

పూర్వం ఇక్కడ గొర్రెల కాపరుల గుడిసెలే ఉండేవి. వాగు ఒడ్డున చెలమ తవ్వుకుని నీళ్ళు తోడుకునేవారు. వానాకాలం కొర్రలు, జొన్నలు చల్లుకునేవారు. మిగతా కాలమంతా మందలే వాళ్ళ బతుకు. ఆ గూడేనికి గంగసాని అనే ఆమె మంత్రసాని. ఆ గూడెంలో పుట్టిన ప్రతి బిడ్డా ముందు ఆమె చేతుల్లో పడి, ఆ తరవాతే తల్లి పక్కలోకి వెళ్ళేది. ఆమె మాటంటే గూడేనికి పెద్ద అయిన పెద్దగొల్లకు కూడా గౌరవమే.

గంగసానికి తిరుపమ్మ అని ఒక్కతే కూతురు. తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది. బిడ్డ కడుపులో బాగా ఎదిగి అడ్డం తిరిగింది. గంగసాని తనకు తెలిసిన విద్య అంతా చేసింది. తల్లీ దక్కలేదు, బిడ్డా దక్కలేదు. కూతురిని మట్టి చేసి వచ్చిన గంగసాని చాలాకాలం ఎవరితోనూ మాట్లాడలేదు. మాట్లాడిన రోజున గూడెంలోని ఆడవాళ్ళందరినీ పిలిచి ఒక కట్టుబాటు పెట్టింది. కడుపుతో ఉన్న మనిషి మూడో నెల నుంచి పూటకు ఒక గిన్నెడు గంజి, అందులో ఇంత ఉప్పు, అంతకు మించి ముట్టకూడదు. పాలు, పెరుగు, నెయ్యి, కూర, కాయ ఏదీ పనికిరాదు. బిడ్డ చిన్నదైతే కాన్పు సుళువవుతుందని, తల్లి ప్రాణం నిలుస్తుందని చెప్పింది.

ఆమె కళ్ళల్లోని దుఃఖం చూసి ఎవరూ ఎదురు చెప్పలేదు. నాటి నుంచి గూడెంలో కాన్పులు సుళువుగానే జరుగుతున్నట్లు కనిపించాయి. పుట్టిన పిల్లలు మాత్రం అరచేతిలో పట్టేటంత ఉండేవారు. ఏడవడానికి కూడా ఓపిక లేక మూలిగేవారు. తల్లులకు పాలు పడేవి కావు. తొట్టెలు కట్టిన ఇళ్ళకంటే విప్పిన ఇళ్ళే ఎక్కువయ్యాయి. మన రాత అంతేనని అందరూ సరిపెట్టుకున్నారు.

ఆ గంగసాని కొడుకు కాటయ్య. అతని భార్య ఓబులక్క. వాగుకు అవతలి పల్లె నుంచి వచ్చిన పిల్ల. గలగల మాట్లాడే మనిషి, ఇష్టంగా వండి ఇష్టంగా తినే మనిషి. తొలిచూలులో అత్త పెట్టిన గంజి తాగి, అత్త చెప్పినట్లే నడుచుకుంది. మగబిడ్డ పుట్టాడు. చేతిలోకి తీసుకుంటే బరువే తెలియలేదు. ఎంత ప్రయత్నించినా పాలు పడలేదు. వాడు చన్ను వెతుక్కుంటూ నోరు తెరిచేవాడు, దొరక్క మూసుకునేవాడు. ఒక ఉదయం నోరు తెరవనే లేదు. ఓబులక్క ఆ బిడ్డను ఒడిలో పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుంది. ఎవరు అడిగినా ఇవ్వలేదు.

ఏడాది తిరిగాక, చింతలు చిగురు వేసే రోజుల్లో ఆమెకు మళ్ళీ నెల తప్పింది. ఈసారి వేవిళ్ళు కూడా గట్టిగానే పట్టుకున్నాయి. పొద్దున లేస్తే వాంతులు, నీళ్ళు తాగినా వికారం. మూడో నెల రాగానే గంగసాని గంజి గిన్నె తెచ్చి ముందు పెట్టింది. ఓబులక్క ఆ గిన్నెలోకి చూసింది. అందులో ఆమెకు గంజి కనిపించలేదు. నోరు తెరిచి మూసుకున్న చిన్న మొహం కనిపించింది.

"అత్తా, ఇది నేను తాగను," అంది.

"కక్కుకుంటావని భయమా? మెల్లిగా తాగు, నిలుస్తుంది."

"నిలవక కాదు. పోయినసారి నిలిచింది గదా. ఏం మిగిలింది?"

గంగసాని మొహం గట్టిపడింది. "నువ్వు మిగిలినావు. నాకు అది చాలు," అని గిన్నె అక్కడే పెట్టి లేచి వెళ్ళిపోయింది.

ఆ రోజుల్లో కాటయ్య మందను మొండిగట్టు కింద మేపుతున్నాడు. మధ్యాహ్నం అతనికి సద్ది తీసుకుని ఓబులక్క వాగు దాటి వెళ్ళేది. ఒకనాడు ఆమె వెళ్ళేసరికి అతను మందలోని చూడిగొర్రెలను వేరుచేసి వాటికి ముందుగా అవిశాకు, తుమ్మకాయలు వేస్తున్నాడు. మిగతా గొర్రెలు తోసుకుని వస్తుంటే కర్ర అడ్డం పెట్టి ఆపుతున్నాడు. ఓబులక్క కాసేపు చూసి అడిగింది.

"వాటికే ముందెందుకు వేస్తావు?"

"చూడిగొర్రెలు గదే. వాటికి కడుపునిండా పడకపోతే పిల్ల నిలవదు. నిలిచినా పాలుండవు."

"పిల్ల పెద్దదై ఈనలేకపోతేనో?"

"యాడో ఒకటి అట్టా అవుద్ది. దానికి భయపడి మందంతా పస్తు పెడతామా?" అన్నాడు కాటయ్య. అని, తన నోటి నుంచి వచ్చిన మాట తనే విని, చేతిలోని అవిశకొమ్మ కింద పెట్టేశాడు. భార్య మొహంలోకి చూడలేక గట్టు వైపు చూశాడు. ఓబులక్క సద్దిమూట అతనికి ఇచ్చి, దారి తప్పి గట్టెక్కుతున్న రెండు చూడిగొర్రెలను మళ్ళించడానికి వాటి వెంట నడిచింది.

ఆ గొర్రెలు ఎంత అదిలించినా మళ్ళలేదు. ఎండ మాడుతోంది. సగం గట్టు ఎక్కేసరికి ఓబులక్కకు కళ్ళు తిరిగాయి. ఒక వెలగచెట్టు నీడకు చేరి, బోదెకు ఆనుకుని కూర్చుంది. కూర్చున్నది కూర్చున్నట్లే కునుకు పట్టింది.

ఆ కునుకులో ఆమెకు కల వచ్చింది. నెలలు నిండిన ఒక స్త్రీ మెల్లగా గట్టెక్కి వచ్చి ఆమె పక్కనే చతికిలబడింది. నుదుట పెద్దబొట్టు, మెడలో పసుపుతాడు, ఒంటి మీద ఆకుపచ్చ కోక. అంత నిండుదనంలోనూ పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"ఆకలేస్తోంది పిల్లా. తినడానికి ఏమన్నా ఉందా?" అంది.

ఓబులక్క సిగ్గుపడింది. "గంజి ఉంది తల్లీ. ఇంటికాడ."

"గంజి నాకొద్దు. ఎన్నాళ్ళ నుంచో ఈ గూడెంలో నాకు అదే పెడుతున్నారు."

"నీకా? ఎవరు పెడుతున్నారు?"

"కడుపుతో ఉన్నదానికి పెట్టింది నాకు పెట్టినట్టే. వాళ్ళ కడుపు మాడితే నాకే మాడుతుంది," అంది ఆ తల్లి. "నువ్వు నాకు వండిపెట్టు. ఇక్కడే, ఈ చెట్టు కిందే. కానీ ఒకటి చెప్తున్నా, గుర్తుపెట్టుకో. ముందు నువ్వు తినాలి. ఇష్టంగా తినాలి. నీ నోటికి సయించింది, నీ ఒంటికి పట్టింది, అదే నాకు పెట్టు. మొక్కుబడికి తిని పెడితే నేను ముట్టను."

"నా ఎంగిలి నీకెట్టా పెట్టేది తల్లీ?"

ఆమె నవ్వింది. "కడుపుతో ఉన్నదాని ముద్దకు ఎంగిలేంది? నువ్వూ, నీ కడుపులో బిడ్డా తిన్నాకే నాకు రుచి."

"ఏది తిన్నా నిలవడం లేదే?"

"ఒక్కసారిగా ఎవరు తినమన్నారు? పిడికెడు తిను. కాసేపు కూచో. మళ్ళీ పిడికెడు తిను. పులుపు మీదికి మనసు పోతే చిగురు కోసుకో. ఈ గట్టు మీద ఏ కాలంలో ఏం పండితే అది తిను. నాకు తొందరేం లేదు, ఎదురుచూస్తాలే," అంది ఆ తల్లి.

ఓబులక్కకు మెలకువ వచ్చేసరికి ఎండ అలాగే ఉంది. ఎదురుగా ఆ రెండు చూడిగొర్రెలు కాళ్ళతో మట్టి గీకి, బయటపడిన ఒక రాతిని నాకుతున్నాయి. ఆమె దగ్గరకు వెళ్ళి ఆకులు, మట్టి తీసింది. ముందు నుదురు బయటపడింది. తరవాత భుజాలు, ఆపైన నిండుకడుపు. ఎడమచెయ్యి కడుపు మీద ఉంది. కుడిచెయ్యి ఖాళీగా మోకాలి మీద వెల్లకిలా పడి ఉంది. ఎవరు చెక్కారో, ఎప్పుడు చెక్కారో ఎవరికీ తెలియదు. స్వయంభువని పెద్దల నమ్మకం. ఓబులక్కకు ఆ విచారణ అవసరం అనిపించలేదు. కలలో చూసిన మొహం అదే. ఆ ఖాళీ చేతిని తన కొంగుతో తుడిచి, "రేపటి నుంచి వస్తాను తల్లీ. ఎవరు ఆపినా వస్తాను," అని మాట ఇచ్చింది.

దిగి వచ్చి భర్తతో జరిగింది జరిగినట్లు చెప్పింది. కాటయ్య తల గోక్కున్నాడు.

"అమ్మకు తెలిస్తే?"

"తెలియనీ. దాచిపెట్టి తినను. అడిగితే చెప్తాను. అడగందాకా నేనే పోయి చెప్పను. నువ్వు నాకు ఒక దుత్తెడు పాలు, ఇన్ని కొర్రలు ఇస్తావా, ఇవ్వవా?"

మర్నాడు పొద్దున వెలగచెట్టు కింద పాలదుత్త, కొర్రల మూట, ఒక మట్టికుండ ఉన్నాయి. మూడు రాళ్ళు పొయ్యిగా పేర్చి కూడా ఉన్నాయి.

ఓబులక్క వంట మొదలుపెట్టింది. గట్టు కింది చింతచెట్టు నుంచి లేత చిగురు కోసి, కొంగున కట్టి తెచ్చిన కందిపప్పులో వేసి, ఎండుమిరపకాయ ఒకటి తుంచి, పైన చెంచాడు నెయ్యి వేసింది. ఆ వాసనకు నోట్లో నీళ్ళూరాయి. ఎంతో కాలం తరవాత అలా ఊరాయి. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. రెండో ముద్దకు కడుపులో తిప్పింది. ఆగింది. చెట్టుకు ఆనుకుని గాలి పీల్చుకుంది. కాసేపటికి మళ్ళీ చెయ్యి కలిపింది. ఆ పూట సగం కక్కుకుంది. మిగిలిన సగం నిలిచింది. నిలిచిందన్న సంతోషంతో మూకుడులో మిగిలిన అన్నం ముద్ద చేసి అమ్మవారి ముందు ఆకులో పెట్టింది.

మర్నాడు మళ్ళీ వెళ్ళింది. ఆ మర్నాడూ వెళ్ళింది. వేవిళ్ళు ఎక్కువైన రోజుల్లో ఏం వండినా సహించక ఏడ్చేది. ఏడుస్తూనే పొయ్యి వెలిగించేది. అలాంటి రోజున పలుచని మజ్జిగలో అల్లం చితక్కొట్టి వేసుకుని గుక్కగుక్కగా తాగి, అదే అమ్మవారికి పెట్టేది. నాలుగో నెల దాటేసరికి వేవిళ్ళు తగ్గాయి. ఆ తరవాత ఆమె ఆకలికి హద్దు లేకపోయింది. వాగు ఒడ్డు తడినేలలో పొన్నగంటికూర ఏరుకొచ్చి వెల్లుల్లితో వేయించేది. అలసందలు ఉడికించి తాలింపు పెట్టేది. మునగాకు దూసి పప్పులో వేసేది. నువ్వులు, బెల్లం కలిపి దంచి ఉండలు చుట్టుకునేది. వానలు పడ్డాక నేరేడుపళ్ళు, ఆ తరవాత సీతాఫలాలు. గొర్రె ఈనినప్పుడు జున్ను కాచుకుంది. కడుపు బరువెక్కేదాకా తినేది కాదు. తృప్తి కలిగిన చోట ఆపేది. మళ్ళీ ఆకలేసినప్పుడు మళ్ళీ కూర్చునేది. తిన్న ప్రతిసారీ కడుపు మీద చెయ్యి వేసుకుని, "ఎట్టా ఉంది?" అని లోపలి బిడ్డను అడిగేది. ఒకనాడు జున్ను తిని అలా అడిగినప్పుడు, చేతి కింద మెత్తగా ఒక తన్ను తగిలింది. తొలిబిడ్డ కడుపులో ఎప్పుడూ అంత గట్టిగా కదలలేదు. ఓబులక్క గట్టంతా వినపడేటట్లు నవ్వింది.

ఇంత జరుగుతుంటే గంగసాని కంట పడకుండా ఉంటుందా? కోడలి బుగ్గలు నిండాయి, జుట్టు నిగనిగలాడుతోంది. ఇంట్లో పెట్టిన గంజి కుక్కలకు పోతోంది. మంత్రసాని కళ్ళకు కడుపు ఎత్తు చూస్తేనే బిడ్డ కొలత తెలిసిపోతుంది. ఒక మధ్యాహ్నం కోడలి వెనకే వాగు దాటి, గట్టెక్కి వచ్చింది.

ఓబులక్క అప్పుడే కుండలోనే చింతకాయ పులుసు, అన్నం కలుపుకుని కూర్చుంది.

"ఏందే ఇది?" అంది గంగసాని.

"అన్నం, అత్తా. రా, కూచో. నువ్వూ తిందువు."

"నిన్ను నువ్వే చంపుకుంటున్నావు. ఆ కడుపు చూసుకున్నావా? అది బయటికెట్టా వస్తది? ఎవరు లాగాలి దాన్ని? నేనేగా! మళ్ళీ నా చేతుల్లోనేగా!"

ఓబులక్క లేచి నిలబడింది. "బిడ్డ పెద్దదైతే ఏమయ్యేదీ నాకు తెలియదత్తా. ఆకలితో పుడితే ఏమవుద్దో తెలుసు. నా ఒడిలో పెట్టుకుని చూశాను."

"నోరు ముయ్యి!"

"మూసుకోను. ఆ బిడ్డ నోరు మూసుకున్నాడు, అది చాలు. నేను తింటాను. దినమూ ఇక్కడికొచ్చి తింటాను. కాన్పులో పోతే పోతాను. ఆకలితో మాత్రం ఇంకొక బిడ్డను పంపించను."

గంగసాని ముందుకు వచ్చి అన్నం కుండ అందుకుంది. దాన్ని గట్టు కిందికి విసరాలని ఎత్తింది. ఓబులక్క రెండు చేతులా కుండను పట్టుకుంది. ఇద్దరి మధ్య పెనుగులాటలో కుండ ఒరిగింది. అందులోని అన్నం జారి రాతి అమ్మవారి మీద పడింది. ఓబులక్క కుండను గుండెకు హత్తుకుని, కళ్ళు గట్టిగా మూసుకుంది. దెబ్బ పడుతుందనుకుంది.

దెబ్బ పడలేదు. ఏ చప్పుడూ లేకపోయేసరికి కళ్ళు తెరిచి చూసింది. అత్త మొహం పాలిపోయి ఉంది. ఆమె చూపు ఓబులక్క మీద లేదు, వెనక ఎక్కడో ఉంది. ఓబులక్క తిరిగి చూసింది. ఇన్ని నెలలుగా మోకాలి మీద వెల్లకిలా పడి ఉన్న రాతిచెయ్యి అక్కడ లేదు. నోటి దాకా లేచి ఉంది. అరచేతిలో అన్నం ముద్ద ఉంది. అది అన్నమో రాయో చెప్పలేనట్లుగా ఆ ముద్ద క్షణక్షణానికీ గట్టిపడుతోంది.

"నేను చూశాను," అంది గంగసాని. "చెయ్యెత్తింది. ఒడిలో పడ్డ అన్నం ఏరుకుని చెయ్యెత్తింది. నా కళ్ళారా చూశాను."

ఆమె అలాగే నేల మీద కూలబడింది.

"నా తిరుపమ్మ ఇట్టాగే తినేదే. ఇంత పులుసు, ఇంత అన్నం. ఆఖరి రోజున కూడా నేనే కలిపి పెట్టాను. నా చేత్తో పెట్టి నేనే చంపుకున్నాననుకున్నా."

ఇన్నేళ్ళలో ఆమె కూతురి పేరు ఎత్తడం అదే మొదలు. ఓబులక్క కుండ కింద పెట్టి అత్త పక్కన కూర్చుంది.

"ఆమె బిడ్డ అడ్డం తిరిగింది. నువ్వు పెట్టిన ముద్ద తిప్పలేదు దాన్ని."

"నీకెట్టా తెలుసు?"

"నాకు తెలియదు. నువ్వు మంత్రసానివి, నీకు తెలుసు." ఓబులక్క ఆగి అడిగింది. "ఆ పొద్దు ఆమె బాగా తినిందా?"

గంగసాని కళ్ళు తుడుచుకుంది. "తినింది. మళ్ళీ పెట్టమని చెయ్యి చాచింది. పెట్టాను."

అలా అని కుండలోకి చూసింది. అడుగున ఇంకా కాస్త అన్నం ఉంది. దాన్ని చేత్తో కలిపి, ముద్ద చేసి, కోడలి నోటి ముందు పట్టింది. చెయ్యి వణుకుతోంది. ఓబులక్క ఆ వణికే చేతిని తన చేత్తో పట్టుకుని ముద్ద తినేసింది. ఆ రోజు నుంచి అత్తాకోడళ్ళు ఇద్దరూ కలిసే గట్టెక్కేవారు. కోడలికి ఏ వేళ ఏది సయిస్తుందో గంగసానికే ముందు తెలిసేది.

మార్గశిరంలో నొప్పులు మొదలయ్యాయి. గంగసాని గడప దగ్గరే ఆగిపోయింది. "నా వల్ల కాదు. అవతలి పల్లె నుంచి ఎవరినన్నా పిలిపించండి," అంది. ఓబులక్క లోపల నుంచే కేక వేసింది. "అత్తా, నువ్వే పట్టాలి. నువ్వు రాకపోతే నేను కననే కనను!" నొప్పుల్లో ఉన్న మనిషి ఆ మాట అంటుంటే అక్కడున్న ఆడవాళ్ళకు నవ్వొచ్చింది. గంగసానికి కూడా ఏడుపులోనే నవ్వొచ్చింది. కొంగు బిగించి లోపలికి నడిచింది.

కాన్పు సుళువుగా కాలేదు. పొద్దున మొదలైన నొప్పులు ఎండ వాలేదాకా సాగాయి. గంగసాని నొప్పికీ నొప్పికీ మధ్య పాలు, బెల్లం కలిపిన రాగిజావ కోడలి చేత గుక్కగుక్కగా తాగిస్తూ, నడుము రుద్దుతూ, "ఇంకొక్కసారి తల్లీ, ఇంకొక్కసారి," అంటూ ఉంది. ఓబులక్క అలసిపోయింది. కానీ ఒంట్లో సత్తువ ఉంది. ఎక్కడెక్కడి బలాన్నో కూడదీసుకుని బిడ్డను బయటికి తోసింది. ఆడపిల్ల. ఆ పిల్ల ఏడ్చిన ఏడుపుకు దొడ్డిలో పడుకున్న మందంతా లేచి నిలబడింది. గంగసాని ఆ బిడ్డను ఎత్తుకుని, బరువు చూసుకుని, మళ్ళీ చూసుకుని, "నా తల్లే, ఎంత బరువుందో!" అని గుండెకు అదుముకుంది. ఓబులక్కకు పాలు ధారగా పడ్డాయి. బిడ్డకు తిరుపమ్మ అని పేరు పెట్టింది. అత్తను అడగకుండానే పెట్టింది.

పురుడు వెళ్ళగానే గంగసాని ఇంటింటికీ తిరిగింది. తాను పెట్టిన కట్టుబాటు తానే తీసేస్తున్నానని చెప్పింది. అందరూ వెంటనే ఒప్పుకోలేదు. పెద్దగొల్ల అడ్డం చెప్పాడు.

"ఒకసారి తినొద్దంటివి, ఇప్పుడు తినమంటివి. ఏది నమ్మాలి?"

"నా మాట విని మీ కోడళ్ళను పస్తు పెట్టారు గదా అన్నా. ఇప్పుడూ నా మాటే విని వాళ్ళకు పెట్టండి. ఎవరికన్నా ఏమన్నా అయితే నా గుడిసె ముందు కూచుని నన్ను తిట్టండి. నేను పారిపోను," అంది గంగసాని.

ఆయన చిన్నకోడలు అప్పుడు కడుపుతో ఉంది. గంగసాని దినమూ ఆ ఇంటి ముందుకు వెళ్ళి నిలబడేది. గంజి గిన్నె కనిపిస్తే పారబోసేది. తన ఇంటి నుంచి తెచ్చిన కూర వడ్డించేది. తలుపు వేస్తే తలుపు ముందే కూర్చునేది. చివరకు పెద్దగొల్లే విసిగి, "పెట్టండర్రా ఆ పిల్లకి, ఈమె పోయేటట్టు లేదు," అన్నాడు. ఆ పిల్లకూ నిండైన బిడ్డ పుట్టాడు. ఆ తరవాత ఎవరినీ ఒప్పించే పని లేకపోయింది. మొండిగట్టు మీదికి మూకుళ్ళు, కుండలు పట్టుకుని చూలాళ్ళు ఎక్కడం మొదలైంది. గట్టు పేరు మారిపోయింది. కాపరులంతా కలిసి రాళ్ళు మోసి వెలగచెట్ల మధ్య గుడి కట్టారు. గర్భాలయం గుమ్మం పక్కన గంగసాని ప్రతిమ కూడా నిలిపారు. చేతిలో గరిటెతో ఉన్న ఆ ప్రతిమకు చూలాళ్ళు మొక్కరు. అత్తలు, తల్లులు మాత్రమే మొక్కుతారు. వడ్డించే చెయ్యి వణకకూడదని కోరుకుంటారు.

నేటికీ ప్రతి శుక్రవారం ఈ క్షేత్రంలో చూలాళ్ళ పంక్తి సాగుతుంది. కులం, ఊరు అడగరు. గట్టెక్కిన ప్రతి గర్భిణినీ ముందు అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇస్తారు. వంటశాలలో కాలాన్ని బట్టి వంట జరుగుతుంది. ఎండాకాలం మామిడికాయ పప్పు, పెరుగన్నం, పుచ్చముక్కలు. వానాకాలం ఆకుకూరలు, వేడివేడి కొర్రన్నం. చలికాలం నువ్వుల ఉండలు, ఉసిరికాయ పచ్చడి, రాగిజావ. చైత్రంలో జరిగే చిగురు జాతరకు చింతచిగురు పప్పు తప్పనిసరి. చక్కెర జబ్బు, రక్తపోటు ఉన్నవారు, వైద్యులు ఫలానాది వద్దన్నవారు ముందుగా వంటవారికి చెప్పాలని దేవస్థానం వారి మనవి. వారికి బెల్లం లేకుండా, ఉప్పు తగ్గించి విడిగా వండుతారు. మండపంలో ఆశా కార్యకర్తలు కూర్చుని బరువు, రక్తం చూసి మాత్రలు ఇస్తారు. ఆ మాత్రలు భోజనం తరవాతే వేయించడం ఇక్కడి ఆనవాయితీ.

వడ్డన అత్తగారు గాని, తల్లి గాని, భర్త గాని స్వయంగా చేయాలి. వడ్డించేవారు చూలాలి విస్తరిలోకి చూసి లెక్కపెట్టకూడదు, తొందరపెట్టకూడదు, బలవంతంగా తినిపించకూడదు. ఆమె ఏమి కోరితే అది వేయాలి. ఆమె వద్దన్నప్పుడు ఆగాలి. ఎవరూ రాని ఒంటరి గర్భిణి వస్తే అర్చకుల ఇంటి ఆడవారు వచ్చి వడ్డిస్తారు. గుడి కట్టిన నాటి నుంచి ఇంతవరకు ఈ గట్టు మీద ఏ చూలాలూ తన విస్తరి తానే వేసుకుని తినలేదు.

ఈ తల్లిని సేవించి ఇష్టంగా భుజించిన గర్భిణులకు వేవిళ్ళు సద్దుమణుగుతాయని, ఒంట్లో రక్తం పడుతుందని, బిడ్డ నిండుగా పుట్టి తల్లి పాలు సమృద్ధిగా ఉంటాయని భక్తుల విశ్వాసం. వారికి వడ్డించినవారికి మనసులో ఎన్నాళ్ళుగానో గూడుకట్టుకున్న భయం వదులుతుందని కూడా చెబుతారు.

అమ్మవారికి మహానైవేద్యం మాత్రం పంక్తి ముగిశాకే. అర్చకులు పళ్ళెం పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడతారు. పంక్తిలో చివరి చూలాలి దగ్గరకు వచ్చి, "కడుపు నిండిందా తల్లీ?" అని అడుగుతారు. నిండిందని ఆమె అన్నాకే తెర తీస్తారు. ఒక్కోసారి వేవిళ్ళతో ఉన్న పిల్ల ఒక ముద్ద తిని, చాలాసేపు గోడకు ఆనుకుని కూర్చుని, మళ్ళీ ఇంకో ముద్దకు చెయ్యి చాస్తుంది. వెనక వరుసలో జనం నిలబడి ఉంటారు. గంట మోగదు. అర్చకులు పళ్ళెం దించరు. ఆ పిల్ల తృప్తిగా తిని చెయ్యి కడుక్కునేదాకా లోపల అమ్మవారు ఆకలితోనే కూర్చుని ఉంటుంది.